కూర శబ్ద చింతామణి

మంగళాచరణం

గోస్తని ఒడ్డున నన్నయభట్టు యజ్ఞం చేశాడని మా తణుకు వాళ్ళం చెప్పుకుంటాం. భారతాన్ని తెలుగు చెయ్యడానికి శ్రీకారం చుట్టినవాడు ఆయనేనని లోకమంతా ఒప్పుకుంటుంది. 'ఆంధ్ర శబ్ద చింతామణి' అనే వ్యాకరణం కూడా ఆయనదేనని కొందరు పండితులంటారు, కాదని కొందరంటారు. కాదనేవాళ్ళలో మా ఊరివాడు నాకింతవరకూ ఒక్కడూ తగల్లేదు. అటువంటి ఊళ్ళో 34 ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి, 88 కిలోలతో రిటైరయినవాణ్ణి నేను. నోట్లోంచి వచ్చే మాటకి అన్నేసి సూత్రాలు పెట్టిన వ్యాకర్తలు, నోట్లోకి వెళ్ళే ముద్దకి ఒక్కటీ పెట్టకుండా వెళ్ళిపోయారే అన్న చింత నన్ను చాలాకాలంగా పీడిస్తోంది. ఆ చింతలోంచి పుట్టిన మణి ఇది.

ప్రతి శాస్త్రానికీ అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అని నాలుగు చెప్పాలి. అధికారి: పెళ్ళినాటి పట్టుబట్టలు పెట్టెలో ఉన్నాయిగాని ఒంటిమీదికి రావనేవాడు. విషయం: కూర. సంబంధం: కూరకీ నడుం కొలతకీ ఉన్నది. ప్రయోజనం: అన్నంతో తగువు పెట్టుకోకుండా ఒళ్ళు తగ్గడం. ఈ చివరిది అసాధ్యమని చాలామంది ఆచార్యులు సెలవిచ్చారు. వాళ్ళ వాదం పూర్వపక్షంలో వస్తుంది.

శాస్త్రం పుట్టిన చోటు గురించి కూడా ఒక మాట. 1947లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊరు మాది. గోదావరి దాటితే ఆత్రేయపురం పూతరేకులు, కిందికి దిగితే పాలకొల్లు దిబ్బరొట్టె, చుట్టూ వరిచేలు. ఇక్కడ కూర్చుని ఒళ్ళు తగ్గే శాస్త్రం రాయడం, నిండు కాలవలో మెడలోతు నిలబడి నిర్జలోపవాసం చెయ్యడం లాంటిది. కనకనే దీనికి విలువ.

సంజ్ఞా ప్రకరణం

సూత్రం 1: కూర యనఁగా మున్ను ఆకు, పిదప కాయ, కడపట సర్వంబును.

భాష్యం: తోటకూర, పాలకూర, చుక్కకూర, పొన్నగంటికూర. ఈ మాటల్లో కూర అంటే ఆకే. గోంగూరలో దాక్కున్నదీ కూరే. కకారం గకారమైపోయి గుర్తుపట్టకుండా తిరుగుతోంది. ఆకు తరవాత కాయ వచ్చి చేరితే కూరగాయ అనే సమాసం పుట్టింది. ఇప్పుడు బంగాళాదుంప వేపుడూ కూరే, కోడీ కూరే. పేరు ఆకుది, పెత్తనం ఇంకొకళ్ళది. సంస్థ పెట్టినవాడి ఫొటో గోడమీదా, మేనల్లుడు కుర్చీలోనూ ఉన్నట్టు.

సూత్రం 2: అన్నంబు ప్రకృతి, కూర ప్రత్యయంబు.

భాష్యం: ఇది మా జిల్లా భోజనానికి మూలసూత్రం. ప్రకృతి మారదు, ప్రత్యయాలు మారుతూ ఉంటాయి. మొదట ఆవకాయ ముద్ద, తరవాత పప్పూ నెయ్యీ, తరవాత కూర, పచ్చడి, పులుసు, చారు, చివరికి పెరుగు. ఏడు విభక్తులు, ఏడుసార్లు అన్నం. విభక్తి మారినప్పుడల్లా ప్రకృతి మళ్ళీ విస్తట్లోకి రావలసిందే. కూరని మా పెద్దలు ఆదరువు అన్నారు. అంటే అన్నం లోపలికి దిగడానికి పట్టుకునే ఊతకర్ర. కర్ర ఎంత సన్నమైతే అంత నాజూకు అనుకున్నట్టున్నారు, నిమ్మకాయంత కూరతో గిన్నెడు అన్నం దించెయ్యడం మా ఇళ్ళలో ఒక విద్య.

సూత్రం 3: అవి తత్సమ తద్భవ దేశ్యాన్యదేశ్య గ్రామ్య భేదంబున ఐదు తెఱంగులు.

భాష్యం: తోటలో ఎలా ఉందో విస్తట్లోనూ అలాగే ఉంటే తత్సమం: కీరాదోస, క్యారెట్, ముల్లంగి. పొయ్యి ఎక్కి రూపం మారితే తద్భవం. ఎప్పుడు వచ్చాయో ఎవరికీ జ్ఞాపకం లేనివి దేశ్యాలు: వంకాయ, బీరకాయ, దొండకాయ, కాకరకాయ, పొట్లకాయ. ఓడెక్కి వచ్చినవి అన్యదేశ్యాలు: టమాటా, బంగాళాదుంప, మిరపకాయ. ఈ మూడూ అమెరికా ఖండాలవి. రాజరాజ నరేంద్రుడి పంక్తిలో మిరపకాయ లేదు, నన్నయ ఎర్రటి ఆవకాయ రుచి చూసి ఎరగడు. అయినా ఆ అన్యదేశ్యం లేకుండా ఇవాళ మనకి వాక్యం పూర్తికాదు. ఇక గ్రామ్యం. కావ్యంలో నిషిద్ధం, ఇంట్లో అందరూ వాడేదే. అదే వేపుడు.

పూర్వపక్షం

పూర్వపక్షి వాదం ఒక్కటే: అన్నం మాను. ఎలా మానాలన్న దగ్గరే మతాలు వేరయ్యాయి.

ఈ మతానికి పాతకాపు లండన్లో విలియం బాంటింగ్ అనే ఆయన. రాజకుటుంబాల అంత్యక్రియలకి సరంజామా సమకూర్చే ఇంటివాడు. లావు తగ్గడం మీద 1863లో ఒక చిన్న పుస్తకం వేసి, రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు మాని తాను సన్నబడ్డానని చాటాడు. ఆ దెబ్బతో ఇంగ్లండులో ఆయన ఇంటిపేరే క్రియాపదమైపోయింది. స్వీడన్ భాషలో ఇప్పటికీ డైటు చెయ్యడాన్ని బాంటా అంటారు. విశేష్యం క్రియ అయిపోవడం వ్యాకరణంలో గొప్ప గౌరవం. అది ఒక అంత్యక్రియల వ్యాపారికి దక్కడం మీద నేను వ్యాఖ్యానించను.

మనవైపు ముగ్గురు ఆచార్యులు. మంతెన సత్యనారాయణరాజు గారిది నిర్లవణ మతం: ఉప్పు లేదు, నూనె లేదు, పచ్చికూరల రసాలు. 2017-18 ప్రాంతాల్లో ఊరూరా సభలు పెట్టిన వీరమాచనేని రామకృష్ణ గారిది స్నిగ్ధ మతం: అన్నమూ రొట్టే మాని, రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్ళు. ఆ రోజుల్లో మా వీధిలో కొబ్బరినూనె తలకి రాసుకోవడం మాని తాగడం మొదలుపెట్టారు. మైసూరు ఖాదర్ వలీ గారిది సిరిధాన్య మతం: వరీ గోధుమా పక్కన పెట్టి కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు. ఒకే ఇంట్లో మూడు గదుల్లో మూడు మతాలు నడిచిన కాలం నేను చూశాను. వంటింట్లో మాత్రం ఒక్కతే మనిషి మూడు పొయ్యిలు చూసుకునేది.

నాకు ఈ ఆచార్యులతో పేచీ లేదు. పేచీ శిష్యులతో. ఆ శిష్యుల్లో మొదటివాణ్ణి నేనే. మా బావమరిది ఫోన్లో ఒక ఏడు రోజుల పట్టీ పంపాడు. దానికి కర్త ఎవరో తెలియదు, అపౌరుషేయం. మొదటి రోజు పళ్ళే, రెండో రోజు ఉడకబెట్టిన కూరలే, ఒకరోజు అరటిపళ్ళూ పాలూ, ఇలా. "బావగారూ, వారంలో నాలుగు కిలోలు గ్యారంటీ" అన్నాడు. అయిదో రోజు రాత్రి పదకొండు గంటలకి మా ఆవిడ లేచి చూసేసరికి, నేను బీరువా తెరిచి, మా అమ్మాయి పెళ్ళికి వంటవాడు రాసిచ్చిన సామాన్ల పట్టీ చేత్తో పట్టుకుని, కంద ఇన్ని కిలోలు, నెయ్యి ఇన్ని డబ్బాలు, జీడిపప్పు ఇంత అని పైకి చదువుతున్నానట. సుందరకాండ పారాయణ చేసే గొంతుతో.

సిగ్గుపడ్డాను. తరవాత తెలిసింది, ఇది నా ఒక్కడి జబ్బు కాదని. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి 24 వారాలపాటు సగం తిండే పెట్టి చూశాడు. బరువు తగ్గారు, నిజమే. దాదాపు నాలుగోవంతు తగ్గారు. దాంతోపాటు వాళ్ళకి తిండి తప్ప ఇంకో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదువుకున్నారు. కట్టు విప్పాక కొందరు ఎంత తిన్నా కడుపు నిండలేదని మళ్ళీ మళ్ళీ తిన్నారు. అది కరువు బాధితులకి తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి చేసిన ప్రయోగం. మనం అదే ప్రయోగాన్ని సొంత ఖర్చుతో ఇంట్లో చేసుకుంటున్నాం. ఏడు రోజుల్లో నేను తగ్గించిన మూడు కిలోలూ మూడు వారాల్లో చుట్టాన్ని వెంటబెట్టుకుని నాలుగై తిరిగొచ్చాయి.

సిద్ధాంతం

సూత్రం 4: లోపంబునకంటె ఆగమంబు మేలు.

భాష్యం: అక్షరాలు మారడంలో మూడు పద్ధతులున్నాయని పిల్లలకి చెప్పేవాణ్ణి. ఉన్నది పోతే లోపం. ఉన్నదాన్ని తోసేసి ఇంకొకటి కూర్చుంటే ఆదేశం. ఉన్నదాన్ని కదపకుండా పక్కన కొత్తది వచ్చి చేరితే ఆగమం. ఆదేశం శత్రువులా వస్తుంది, ఆగమం మిత్రుడిలా వస్తుంది అని వ్యాకర్తలు గుర్తు చెబుతారు. ఈ పాఠం ఏటేటా చెప్పాను, విస్తట్లో ఎలా పనిచేస్తుందో 61వ ఏట తెలిసింది. ఉపవాసాలన్నీ లోపాలు. అన్నం బదులు కొవ్వు, అన్నం బదులు కొర్రలు, ఇవన్నీ ఆదేశాలు. కూర ఒక్కటే ఆగమం. అన్నాన్ని పొమ్మనదు. పక్కన వచ్చి కూర్చుంటుంది.

మా సీమలో అన్నాన్ని పొమ్మనడం అంత తేలికా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర నీళ్ళు మా గట్టెక్కాయి. 1925లో మార్టేరులో వరి పరిశోధన కేంద్రం పెట్టారు. అక్కడ పుట్టిన స్వర్ణ, ఎం.టి.యు. 7029, 1982లో విడుదలై దేశంలో పలు రాష్ట్రాల చేలల్లోకి పాకింది. అటువంటి అన్నాన్ని ఒక ఫోన్ సందేశం చూసి ఇంట్లోంచి గెంటెయ్యడం కృతఘ్నత. అలాగని దాన్ని నెత్తిన పెట్టుకున్నా ముప్పే. మరబియ్యం తెల్లగా తోమి, కూర ఊసు లేకుండా అదే తిన్న రోజుల్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి పాతుకుపోయింది. ఆ బెరిబెరి మీద విచారణకే 1918లో కూనూరులో ఒక చిన్న కేంద్రం పెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు చేరి, ఇవాళ జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో కూర్చుంది.

ఆ సంస్థ 2024లో భారతీయులకి కొత్త ఆహార మార్గదర్శకాలు ప్రకటించింది. 2000 కేలరీల రోజు భోజనానికి అందులో చెప్పిన పాళ్ళు: ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పళ్ళు 100, పాలు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు, జీడిపప్పు వేరుశనగ వంటివి 35. తూకమంతా పచ్చివాటిది. మళ్ళీ చదవండి. ధాన్యం 250, కూర 400. ప్రకృతికంటె ప్రత్యయం పెద్దది!

ఇది చదివాక వంటింటి తక్కెడ తెచ్చి, నేను ఒకరోజు తిన్న కూర తూచాను. 90 గ్రాములు. అందులో 50 బంగాళాదుంప. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు రోజుకి 400 గ్రాముల పళ్ళూ కూరలూ తినమంటూ, బంగాళాదుంపలాంటి పిండిదుంపల్ని ఆ లెక్కలోకి రానివ్వలేదు. మిగిలినవి 40 గ్రాములు. వాటిలో పులుసులోని కరివేపాకు కూడా ఉంది. దాన్ని ఏరి పక్కన పెట్టేశాను.

సూత్రం 5: కడుపు తూకంబెఱుంగును, లెక్క యెఱుంగదు.

భాష్యం: ఉడికిన అన్నం 100 గ్రాములకి ఇంచుమించు 130 కేలరీలు. ఆనపకాయ 100 గ్రాములకి 15. ఆనపకాయలో నూటికి 95 వంతులు నీళ్ళే. అన్నం గరిటెడు ఇచ్చిన శక్తి ఆనపకాయ ఇవ్వాలంటే దాదాపు కిలో తినాలి. ఒక్కపూటలో కిలో ఆనపకాయ తినగలిగినవాడికి ఉన్న సమస్య బరువు కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో బార్బరా రోల్స్ అనే ఆవిడ ఈ విషయమే ఏళ్ళతరబడి పరిశోధించింది. భోజనానికి ముందు పెద్ద పళ్ళెంనిండా పచ్చికూరలు పెడితే, ఆ తరవాత మనిషి తనంత తానే తక్కువ తింటున్నాడని చూపించింది. విస్తరి ముందు కూర్చున్నవాడు కేలరీలు కూడుకుని లేవడు, కడుపు బరువెక్కితే లేస్తాడు. ఆ బరువు ఆనపకాయదా అన్నానిదా అని కడుపు ఆరా తియ్యదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎప్పటి ఏడు ముద్దల అన్నమూ తిని, ఆ పైన కూర కూడా తింటే ఒళ్ళు తగ్గదు. కూరలు ఎక్కువ తినమని ఊరికే చెబితే బరువులో పెద్ద తేడా రాలేదని పరిశోధనలు కూడా తేల్చాయి. మిత్రుణ్ణి పిలిస్తే సరిపోదు, ముందు వరుసలో కూర్చోబెట్టాలి. కాబట్టి ప్రధాన సూత్రం.

సూత్రం 6: అన్నములోఁ గూర గాదు, కూరలో నన్నము.

భాష్యం: 'లో' షష్ఠీ విభక్తి ప్రత్యయం. అది ఎవరికి తగిలితే వాళ్ళు ఇల్లు, రెండోవాళ్ళు చుట్టం. ఇంతకాలం అన్నం ఇల్లు, కూర చుట్టం. ఒక్క ప్రత్యయం ఇటునుంచి అటు మార్చండి. విస్తట్లో ముందు కూర పరవండి, సగానికి. రెండు ముద్దలు ఉత్త కూరే తినండి. తరవాత అందులోకి అన్నాన్ని పిలవండి. కూర ముందూ అన్నం వెనకా తింటే భోజనం తరవాత రక్తంలో చక్కెర ఎగరడం కూడా తగ్గుతుందని మధుమేహం మీద పనిచేసేవాళ్ళు చెబుతున్నారు. ఏదీ మానలేదు, ఎవర్నీ గెంటలేదు. కూర్చునే వరస మారింది, అంతే.

ప్రయోగ ప్రకరణం

సూత్రం చెప్పి ఉదాహరణ ఇవ్వని వ్యాకరణం ఉప్పు లేని చారు. మా జిల్లాలో ఉదాహరణలకి కొదవలేదు.

ముందుగా ఆవ పెట్టిన కూరలు. పనసపొట్టు, కంద బచ్చలి, అరటికాయ. నూనె కంటె ఆవ మీద నడిచే కూరలివి. ఆవగింజ నలిగి తడి తగిలితేగాని ఘాటు పుట్టదు, పొయ్యి సెగ తగిలితే ఆ ఘాటు నిలవదు. అందుకని కూర దింపాక, వేడి కాస్త తగ్గాక ఆవ కలపాలి. అప్పుడు ముక్కుపుటాలు అదురుతాయి, రెండో ముద్దకి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, మూడో ముద్ద ఆలోచించి తింటాడు. డైటు ఆచార్యులు 'నెమ్మదిగా నమలండి' అని గంటసేపు బోధించేది ఆవ ఒక్క క్షణంలో నేర్పుతుంది.

రెండోది ముక్కల పులుసు. ఆనపకాయ, తియ్య గుమ్మడి, ములక్కాడ, వంకాయ, బెండకాయ. గిన్నెలో గరిటె నిలబడాలి. పులుసు ముక్కలకి అడుగున ఎక్కడో ఉండాలి. పెళ్ళి పులుసులో ములక్కాడ ముక్క కోసం గజఈతగాడిలా వెతుక్కునే పద్ధతి ఈ శాస్త్రంలో చెల్లదు.

మూడోది ఆకుపప్పు. తోటకూర పప్పులో పప్పుండాలి, కాని తోటకూర ఎక్కడా అని అడిగే పరిస్థితి రాకూడదు. ఆషాఢంలో మునగాకు తినమన్నారు పెద్దలు. చెట్టు పెరట్లో ఉన్నా మనం అదే ఆకుని పొడికొట్టి డబ్బాలో అమ్మితే కొంటున్నాం.

నాలుగోది రోటి పచ్చళ్ళు. బీరకాయ పచ్చడి, దొండకాయ పచ్చడి, చివరికి బీరపొట్టు పచ్చడి కూడా లెక్కకి వస్తాయి. ఆవకాయ రాదు. అది కూర కాదు, సాహిత్యంలో చాటువులాంటిది. నోరు తిరగడానికి ఒకటి రెండు చాలు.

ఇక పోపు. కూర అనగానే ఉత్తనీళ్ళలో ఉడకబెట్టి ఏడుస్తూ తినాలని కొందరి భ్రమ. ఆకుకూరల్లో, గుమ్మడిలో ఉన్న విటమిన్ ఎ సరుకు ఒంటికి పట్టాలంటే కాస్త నూనె తగలాలి. కాబట్టి పోపు శాస్త్రసమ్మతం. కాని పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు, అంటే గరిటెడు అన్నమంత. పోపు చిటపటలాడాలి, కూర ఈదకూడదు.

అపవాద ప్రకరణం

ప్రతి సూత్రానికీ అపవాదం ఉంటుంది. కంద, చేమ, బంగాళాదుంప కూరల పేరుతో తిరిగే అన్నాలు. వాటిని విస్తట్లో అన్నం వాటాలోంచి తియ్యాలి. వేపుడు గ్రామ్యం కనక సంభాషణలో ఆదివారాలు మాత్రం చెల్లుతుంది. ఆనపకాయ మంచిదన్నానని పచ్చిరసం తీసి గుక్క తిప్పుకోకుండా తాగకండి. చేదెక్కిన ఆనపకాయ రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. చేదు తగిలితే ఉమ్మెయ్యమని భారత వైద్య పరిశోధన మండలి నిపుణులే చెప్పారు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకి కూరల్లోని పొటాషియం, రక్తం పలచబడే మందు వాడేవాళ్ళకి ఆకుకూరలు పేచీ పెట్టొచ్చు. చక్కెర మందులు వేసుకునేవాళ్ళు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే కళ్ళు తిరిగి పడొచ్చు. వీళ్ళంతా ఈ శాస్త్రం మూసి, డాక్టరుగారి భాష్యం వినాలి.

అన్నిటికంటె పెద్ద అపవాదం బహుళం. మన వ్యాకరణంలో నాకు అతి ప్రియమైన మాట అది. కార్యం ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట జరిగినా జరక్కపోయినా ఫరవాలేదు. భాష ఇన్ని వందల ఏళ్ళు బతికింది ఆ దయవల్లే. డైటులకి లేనిది అదే. ఒక్క పూతరేకు తింటే చాలు, వ్రతభంగం, ఇంక ఎలాగూ పోయిందని మిగతా పెట్టె కూడా ఖాళీ. కూర శాస్త్రంలో పూతరేకు తినొచ్చు. మర్నాడు బీరకాయ మళ్ళీ మామూలుగా తలుపు తడుతుంది, ఏమీ అడగదు.

ఆక్షేప సమాధానాలు

మొదటి ఆక్షేపణ మా బావమరిదిది. "ఎన్ని రోజుల్లో ఎన్ని కిలోలు, బావగారూ?" సమాధానం: ఏడు రోజుల్లో వ్యాకరణం రాదు, ఏడు రోజుల్లో వచ్చింది ఎనిమిదో రోజున ఉండదు.

రెండోది ధరల మీద. 2023 జులైలో టమాటా కిలో వంద దాటితే ఈ శాస్త్రం ఎవరు పాటిస్తారని పక్కింటాయన నిలదీశాడు. టమాటా అన్యదేశ్యమని ముందే చెప్పాను. అది దొరకనినాడు పులుపుకి దోసకాయ, చింతచిగురు, చుక్కకూర వైకల్పికంగా వస్తాయి. 1999లో మొదలైన రైతుబజార్లున్నాయి, గోదావరి అవతల మడికి మార్కెట్టుంది, లంకల్లో పండే వంకాయలున్నాయి. కాలానికి ఏది పోగుపడితే అదే చవక, అదే రుచి.

బజారులో కూరలమ్మే ఆవిడ కూడా ఒక ప్రశ్న వేసింది. "ఏటండి మేస్టారూ, ఈమజ్జన సంచీ పెద్దదైపోయింది, ఇంటికి చుట్టాలొచ్చారేటండి?"

"లేదమ్మా, ఆగమం" అన్నాను.

"ఎవరొచ్చినా మంచిదేనండి, ఓ కట్ట తోటకూర ఎక్కువ పట్టుకెళ్ళండి, ఆయ్" అంది. నా భాష్యంలో ఆ సూత్రాన్ని అంత తేటగా నేనెక్కడా చెప్పలేకపోయాను.

మూడో ఆక్షేపణ ఇంట్లోంచి వచ్చింది. దానికి నేను సిద్ధంగా లేను.

ఆరు సూత్రాలూ పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడకి చదివి వినిపించాను. ప్రధాన సూత్రం దగ్గర గొంతు పెంచి, "అన్నములో గూర గాదు, కూరలో నన్నము!" అని ఆగాను. ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని, కూర వండిన మూకుడు ముందు పెట్టుకుని, అందులో అన్నం వేసుకుని కలుపుకుంటోంది. తల ఎత్తలేదు.

"నలభై ఏళ్ళుగా నేను తింటున్నది అదేగా" అంది.

చూశాను. నిజమే. కూరలో అన్నం. సాక్షాత్తూ లక్ష్యం నా ఎదురుగా ఉంది, లక్షణం కోసం నేను హైదరాబాదు, పెన్సిల్వేనియా తిరిగొచ్చాను. కాని మూకుడులో కూర మూకుడుకి అంటుకున్నంతే ఉంది. మిగిలిందంతా, శాస్త్రప్రకారం విస్తట్లో సగం పరుచుకుని, నేనే తినేశాను.

"మీ సూత్రాలు బావున్నాయండీ" అంది మళ్ళీ. "400 గ్రాములు తినవలెను, ముక్కలు ఎక్కువ ఉండవలెను, ఆవ దింపాక కలపవలెను. తినేది మీరని తెలుస్తూనే ఉంది. తరిగేదెవరో, వండేదెవరో ఒక్కచోటా రాయలేదు. ఇన్నేళ్ళు పాఠం చెప్పారు కదా, వాక్యంలో కర్త ఉండక్కర్లేదా?"

34 ఏళ్ళలో ఏ ఇన్‌స్పెక్టరూ నా నోటుపుస్తకంలో ఇంత పెద్ద తప్పు పట్టలేదు. లెక్క వేశాను. మనిషికి 400 గ్రాములు, ఇద్దరికి 800. తోటకూర కట్ట విప్పి కాడలు ఒలిచి, చిక్కుడుకాయల ఈనెలు తీసి, పనసకాయ కొట్టి, కందకి చేతులు దురదపెట్టి. కూరలు అందరూ పొగిడేవీ, కొందరే తినేవీ ఎందుకయ్యాయో అప్పుడు అర్థమైంది. డైటు చెయ్యడానికి ఒక్కడు చాలు. కూర తినడానికి ఇంట్లో ఇద్దరు కావాలి, లేదా ఒక్కరికే రెట్టింపు చాకిరీ.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని ఏడాది పాటించినందువల్ల నా బరువు 88 నుంచి 84కి దిగింది. బావమరిది నవ్వాడు. నాలుగు కిలోలూ ఇంతవరకూ తిరిగి రాలేదు, అది ఆయనకి చెప్పలేదు. పెళ్ళినాటి పట్టుబట్టలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. బీరువాలోని సామాన్ల పట్టీ తియ్యవలసిన అవసరం మళ్ళీ కలగలేదు.

సూత్రపాఠంలో ఒక సవరణ చేశాను. బజారునుంచి తెచ్చేది రెట్టింపు చేశాను, మూకుడులో నిజంగా కూర మిగిలేటట్టు. చివరికి ఏడో సూత్రం కలిపాను: తినువాఁడే తఱుగువాఁడు. దీనికి అపవాదం లేదు, బహుళమూ లేదు. ఆ రెండూ అడిగి చూశాను.

దీనికి భాష్యం కూడా రాయాలనే కూర్చున్నాను. కాని ఎదురుగా చేటనిండా గోరుచిక్కుళ్ళున్నాయి, ఒక్కొక్కటీ రెండు కొసలూ తుంచాలి, పొయ్యి మీద ఎసరు మరుగుతోందని లోపల్నించి కేక వినబడుతోంది. అందుచేత గ్రంథం ఇక్కడితో సమాప్తం.